నాలుగు గంటలు, ఒక ఇంజెక్షన్

మా మేనల్లుడు పంపిన వీడియో చూసి ముందు నేనూ నవ్వాను. 2024 జనవరి 31 నాటిది. అమెరికా సెనేట్ జుడీషియరీ కమిటీ ముందు టిక్‌టాక్ సీఈఓ షౌ చ్యూ కూర్చుని ఉంటాడు. సెనేటర్ టామ్ కాటన్ అడుగుతుంటాడు. మీరు ఏ దేశ పౌరులు? సింగపూర్. ఇంకే దేశ పౌరసత్వమైనా ఉందా? లేదు. చైనా కమ్యూనిస్టు పార్టీలో ఎప్పుడైనా సభ్యులుగా ఉన్నారా? సెనేటర్, నేను సింగపూర్ వాణ్ణి. కాస్త మార్చి మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే జవాబు. కింద మావాడి వ్యాఖ్య: "మామయ్యా, మన ఊళ్లో కరెంటు మీటరు చూడ్డానికొచ్చేవాడు ఇంతకంటే పనికొచ్చే ప్రశ్నలడుగుతాడు."

ఆ హియరింగ్ దేని గురించో మావాడికి తెలియదు. సోషల్ మీడియాలో పిల్లలకి జరుగుతున్న హాని గురించి. పోగొట్టుకున్న పిల్లల ఫొటోలు చేతిలో పట్టుకుని తల్లిదండ్రులు ఆ గదిలోనే వెనక వరసల్లో కూర్చున్నారు. తనకి దక్కిన కొద్ది నిమిషాల్లో చాలా భాగాన్ని ఒక సెనేటర్ ఎదుటివాడి పాస్‌పోర్టు మీద ఖర్చుపెట్టాడు.

ఇదే రాసి పంపుదామని కూర్చున్నాను. రాస్తుంటే ఎందుకో కాటన్ మీద కోపం నిలవలేదు. ఆయన అడిగేది అలాగే ఉంటుందని ఆయనకి ఓటేసినవాళ్లకీ తెలుసు, వెయ్యనివాళ్లకీ తెలుసు. నన్ను ఇన్నేళ్లుగా కుదురుగా ఉండనివ్వనిది ఇంకో హియరింగ్. దాన్ని నడిపినవాడు తెలివితక్కువవాడు కాదు. ప్రశ్నలడగడంలో అమెరికా కాంగ్రెస్‌లో ఆయనంతటివాళ్లు తన కాలంలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. అందుకే అది ఎక్కువ బాధ.

హ్యూస్టన్ లంచ్‌రూమ్

2008 ఫిబ్రవరి 13, బుధవారం. అప్పుడు నేను హ్యూస్టన్‌లో ఒక ప్రాజెక్టు మీద ఉన్నాను. మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా పట్టుకుని లంచ్‌రూమ్‌లోకి వెళ్తే కూర్చోడానికి చోటు లేదు. అందరి కళ్లూ టీవీ మీదే. రోజర్ క్లెమెన్స్‌ని కాంగ్రెస్ ప్రశ్నిస్తోంది.

నాకు బేస్‌బాల్ రాదు. పక్క క్యూబికల్‌లో కూర్చునే పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు. క్లెమెన్స్ 354 మ్యాచ్‌లు గెలిపించిన పిచ్చర్, అంటే మన బౌలర్ లాంటివాడు. ఏటా మేటి పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఏడుసార్లు తీసుకున్నాడు. పైగా హ్యూస్టన్ మనిషి, 2004 నుంచి మూడు సీజన్లు ఇక్కడి ఆస్ట్రోస్ జట్టుకే ఆడాడు. మనకి కపిల్‌దేవ్ ఎలాగో వీళ్లకి ఇతను అలాగన్నమాట అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పెద్దాయన డెస్కు డ్రాయర్‌లో క్లెమెన్స్ సంతకం చేసిన బంతి ఉండేది. గాజు పెట్టెలో పెట్టి నాకు ఒకసారి చూపించాడు కూడా.

తగువు ఇదీ. అంతకు రెండు నెలల ముందు మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ బేస్‌బాల్‌లో స్టెరాయిడ్ల వాడకం మీద 409 పేజీల నివేదిక ఇచ్చాడు. అందులో 80 మందికి పైగా ఆటగాళ్ల పేర్లున్నాయి. క్లెమెన్స్‌కి 1998, 2000, 2001లలో తానే ఇంజెక్షన్లు ఇచ్చానని అతని ట్రైనర్ బ్రయన్ మెక్‌నమీ చెప్పాడు. క్లెమెన్స్ అబద్ధం అన్నాడు. ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, మధ్యలో మిచెల్ తరఫు లాయరుని కూర్చోబెట్టి, ప్రతినిధుల సభ వారి ఓవర్‌సైట్ కమిటీ నాలుగు గంటలకు పైగా ప్రశ్నలు వేసింది. పంచాయితీలో గట్టు తగాదా తీర్చినట్టే ఉంది చూడ్డానికి.

ఏమేం అడిగారో ఇప్పుడు తలుచుకుంటే నమ్మబుద్ధి కాదు. పిరుదు మీద వచ్చిన గడ్డ ఇంజెక్షన్ వల్ల వచ్చిందా కాదా. 1998లో ఒక ఆటగాడి ఇంట్లో జరిగిన పార్టీకి క్లెమెన్స్ వెళ్లాడా లేదా. ఒక సభ్యురాలు వేర్వేరు ఏళ్లలో తీసిన క్లెమెన్స్ ఫొటోలు పెట్టించి, చూడండి ఒళ్లేమీ పెరగలేదు కదా అంది. ఇంకొక సభ్యుడు తన సహచరుడి తరఫున అడిగాడు: హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి మీరు ఏ జట్టు యూనిఫారంతో వెళ్తారు? విచారణకు ముందు క్లెమెన్స్ సభ్యుల ఆఫీసులకి ఒక్కొక్కటిగా వెళ్లి కలిసొచ్చాడు. అప్పుడు కొందరు సిబ్బంది ఫొటోలు కూడా దిగారని పేపర్లు రాశాయి. రిపబ్లికన్లు చాలామంది క్లెమెన్స్ వైపు, డెమొక్రాట్లు చాలామంది ట్రైనర్ వైపు చేరిపోయారు. ఒక ఇంజెక్షన్ పడిందా లేదా అన్నది పార్టీని బట్టి ఎలా తేలుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మేరీలాండ్ సభ్యుడు ఎలైజా కమింగ్స్ మాత్రం, మీరు నా హీరోల్లో ఒకరు, కానీ మీ మాట నమ్మడం కష్టంగా ఉంది అన్నాడు. పెద్దాయన లేచి ప్లేటు కడుక్కుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం కాలిఫోర్నియా నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. వాడు 2006లో శాక్రమెంటో దగ్గర ఇల్లు కొన్నాడు. మొదటి రెండేళ్లు తక్కువ వడ్డీ, ఆ తర్వాత రీసెట్, అంటే వడ్డీ పెరుగుతుంది. ఆ రీసెట్ నెల దగ్గర పడుతోంది. ఇల్లు కొన్నధర కంటే అప్పటికే బాగా పడిపోయింది, రీఫైనాన్స్‌కి ఎవరూ ముందుకు రావడం లేదు. "బావా, మా ఆఫీసులో అందరూ కాంగ్రెస్ హియరింగ్ అంటూ టీవీ దగ్గర మూగితే మన లోన్ల సంగతే అనుకుని నేనూ పరిగెత్తాను. ఇంతకీ ఎవరు బావా ఈ క్లెమెన్స్?" అన్నాడు.

నవ్వాను. వాడు నవ్వలేదు.

సరిగ్గా అదే రోజు వైట్‌హౌస్‌లో అధ్యక్షుడు బుష్ ఆర్థిక ఉద్దీపన చట్టం మీద సంతకం పెట్టాడు. మనిషికి 600 డాలర్ల దాకా చెక్కులు పంపి జనం చేత ఖర్చు పెట్టిద్దామన్న చట్టం అది. ఇంటికి ఎక్కడో నిప్పంటుకుందని ప్రభుత్వానికి తెలుసు. నెల తిరిగేసరికి బేర్ స్టెర్న్స్ అనే పెట్టుబడి బ్యాంకు కూలింది. మార్చి 16న దాన్ని షేరు 2 డాలర్లకి జేపీ మోర్గాన్‌కి అమ్మేశారు, తర్వాత 10కి పెంచారు.

పొగాకు కంపెనీలని కూర్చోబెట్టినాయన

ఆ కమిటీ చైర్మన్ హెన్రీ వాక్స్‌మన్. లాస్ ఏంజెలెస్ నుంచి గెలుస్తూ వచ్చిన డెమొక్రాట్. 1994 ఏప్రిల్ 14న ఏడు పొగాకు కంపెనీల అధిపతులు చెయ్యెత్తి ప్రమాణం చేసి, నికొటిన్ వ్యసనం అని తాము అనుకోవడం లేదని ఒకరి తర్వాత ఒకరు చెప్పిన హియరింగ్ ఆయన సబ్‌కమిటీదే. ఆ ఏడుగురి ఫొటో ఒక్కటే పొగాకు కంపెనీలకి తర్వాతి ఏళ్లన్నీ వెంటాడింది. ఆ నవంబర్‌లో రిపబ్లికన్లు సభ గెలవడంతో ఆయన కుర్చీ పోయింది. మళ్లీ 2007లో గానీ ఒక కమిటీ ఆయన చేతికి రాలేదు. వచ్చిన ఏడాదే ఇరాక్‌లో బ్లాక్‌వాటర్ అనే ప్రైవేటు భద్రతా కంపెనీ చేసిన కాల్పుల మీద దాని యజమానిని పిలిపించి అడిగాడు.

అలాంటి మనిషి ఫిబ్రవరి 13ని దీనికి ఇచ్చాడు. ఎందుకిచ్చాడన్నదే నా ప్రశ్న. ఆయన్నే అడిగితే చెప్పిన జవాబు నాకు మరీ ఆశ్చర్యం. మర్నాడు న్యూయార్క్ టైమ్స్‌తో, ఆ హియరింగ్ పెట్టినందుకు విచారిస్తున్నాను, క్లెమెన్స్, అతని లాయర్లు పట్టుబట్టబట్టే పెట్టాల్సి వచ్చింది అన్నాడు. సమన్లిచ్చే అధికారం కమిటీది. ప్రశ్నించే రోజు ఏదో నిర్ణయించింది సాక్షి!

ఆయన తరఫున కూడా చెప్పాలి

నా బావమరిది లోను ఒకటి చూపించి వాక్స్‌మన్‌ని దోషిని చెయ్యడం అన్యాయం అని నాకే అనిపిస్తుంది. ఆయన వైపు వాదన బలమైందే.

మొదటిది, స్టెరాయిడ్ల గొడవ పనికిమాలింది కాదు. 2005 మార్చి 17న ఇదే కమిటీ, టామ్ డేవిస్ చైర్మన్‌గా ఉన్నప్పుడు, మార్క్ మెక్‌గ్వయర్ వగైరా బేస్‌బాల్ ఆటగాళ్లని పిలిచింది. నేను గతం గురించి మాట్లాడ్డానికి రాలేదు అంటూ మెక్‌గ్వయర్ నీళ్లు నమిలింది అప్పుడే. ఆ రోజు టెక్సస్ నుంచి ఒక తండ్రి వచ్చి, స్టెరాయిడ్లు వాడిన హైస్కూల్ కొడుకు ఆత్మహత్య చేసుకున్న సంగతి చెప్పాడు. అప్పటికి మొదటిసారి దొరికిన ఆటగాడికి శిక్ష పది రోజుల సస్పెన్షన్. ఆ నవంబర్‌కి లీగు, ఆటగాళ్ల యూనియన్ కలిసి దాన్ని 50 మ్యాచ్‌లకి పెంచాయి. రెండోసారి 100, మూడోసారి జీవితకాల నిషేధం. కెమెరాల ముందు పరువు పోకపోతే అది అయ్యేది కాదు. ఇందులో నాకు అనుమానం లేదు. (మెక్‌గ్వయర్‌ని పిలిచిన మర్నాడే అదే కమిటీ, పదిహేనేళ్లుగా అచేతనంగా పడి ఉన్న ఒక ఫ్లోరిడా మహిళని సాక్షిగా రమ్మని సమన్లు పంపింది, ఆమెకి ఆహారం గొట్టం తీసెయ్యకుండా ఆపడానికి. జడ్జి పట్టించుకోలేదు. రెండు రోజుల్లో ఒకే కమిటీ ఎంత ఎత్తుకీ ఎంత లోతుకీ పోగలదో చూడండి.)

కానీ 2008 నాటికి ఆ పని అయిపోయింది. విధానం గురించి అడగాల్సినవి జనవరి 15నే మిచెల్‌ని, లీగు కమిషనర్‌ని, యూనియన్ నాయకుణ్ణి పిలిచి అడిగేశారు. ఫిబ్రవరిలో మిగిలింది ఇద్దరు మనుషుల్లో ఎవరు అబద్ధమాడుతున్నారన్నదే. అది తేల్చడానికి కోర్టులున్నాయి. తర్వాత కోర్టులకే వెళ్లింది. కాంగ్రెస్‌కి అబద్ధం చెప్పాడని 2010లో క్లెమెన్స్ మీద కేసు పెట్టారు. 2011లో మొదటి విచారణ ప్రాసిక్యూటర్ల తప్పు వల్ల మధ్యలోనే రద్దయింది. 2012 జూన్ 18న ఆరు అభియోగాల్లోనూ నిర్దోషి అని జ్యూరీ తేల్చింది. నాలుగు గంటల హియరింగ్‌కి నాలుగేళ్ల తోక.

రెండోది, బ్యాంకుల సంగతి చూడ్డానికి వేరే కమిటీ ఉంది, బార్నీ ఫ్రాంక్ దానికి చైర్మన్, ఎవరి పని వాళ్లది అనొచ్చు. కొన్నాళ్లు నేనూ ఇలాగే అనుకున్నాను. కానీ ఓవర్‌సైట్ కమిటీకి ఉన్న బలమే అది ఏ తలుపైనా తట్టగలగడం. బేస్‌బాల్ తలుపు తట్టగలిగినది, బాండ్లు ఎంత భద్రమో మార్కులేసే రేటింగ్ కంపెనీల తలుపు తట్టలేదా?

మూడోది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే విషయం. క్లెమెన్స్ హియరింగ్ అయిన మూడు వారాలకి, మార్చి 7న, వాక్స్‌మన్ కమిటీ తనఖా సంక్షోభం మీద కూడా ఒక హియరింగ్ పెట్టింది. ఇళ్ల లోన్లిచ్చే కంట్రీవైడ్ కంపెనీ అధిపతి మొజిలో, మెరిల్ లించ్ నుంచి, సిటీగ్రూప్ నుంచి దిగిపోయిన ఇద్దరు సీఈఓలు వచ్చారు. కాబట్టి ఆయన కళ్లు మూసుకుని ఏమీ లేడు. అయితే ఆ రోజు ప్రధానంగా అడిగింది వాళ్ల జీతాల గురించి. కంపెనీ మునుగుతుంటే మీరింత ఎలా పట్టుకెళ్లారు అని. కడుపు మండే ప్రశ్నే, అడగాల్సిందే. కానీ ఆ లోన్లని మూటగట్టి, మేలురకం ముద్రవేసి ఎలా అమ్మారన్నది ఆ ప్రశ్నలోంచి బయటికి రాదు. జీతం కూడా క్లెమెన్స్ లాంటిదే, ఒక మనిషి ముఖం మీద కెమెరా పెట్టి చూపించగలిగినది.

ఇంకొకటి ఒప్పుకోవాలి. మార్చి 7 హియరింగ్ జరిగిందని నాకు ఆ ఏడు చివరిదాకా తెలియనే తెలియదు. బేస్‌బాల్ రాని నేను, క్లెమెన్స్‌ది ఇంటికెళ్లి రాత్రి కాంగ్రెస్ కార్యక్రమాలు చూపించే సీస్పాన్ ఛానెల్‌లో మళ్లీ చూశాను. మా బావమరిది కూడా మార్చి 7ది చూడలేదు. మా లంచ్‌రూమ్‌లో ఆ రోజు టీవీ ఆన్ చేసి ఉందో లేదో కూడా గుర్తు లేదు.

ఆవులు, గేదెలు

అక్టోబర్ వచ్చేసరికి అంతా మారిపోయింది. లీమన్ బ్రదర్స్ అనే ఇంకో పెట్టుబడి బ్యాంకు సెప్టెంబర్ 15న దివాలా తీసింది. అక్టోబర్ 6న దాని అధిపతి రిచర్డ్ ఫల్డ్, మర్నాడు బీమా కంపెనీ ఏఐజీ వాళ్లు, 22న రేటింగ్ కంపెనీలు, 23న అమెరికా కేంద్ర బ్యాంకు మాజీ అధిపతి అలన్ గ్రీన్‌స్పాన్. అందరూ అదే కమిటీ ముందుకి, అదే చైర్మన్ ముందుకి వచ్చారు. వాక్స్‌మన్ అంటే ఏమిటో ఆ నెలలో కనిపించింది. మీ సిద్ధాంతం మీ చేత తప్పు నిర్ణయాలు చేయించిందా అని సూటిగా అడిగితే, గ్రీన్‌స్పాన్ అంతటివాడు తన ఆలోచనలో లోపం కనిపించిందని ఒప్పుకున్నాడు. ఎంత గొప్ప ప్రశ్నో! దొంగలు పడ్డ ఆర్నెల్లకు.

ఆ 22వ తేదీ హియరింగ్‌లో ప్రస్తావనకి వచ్చిన ఒక మెసేజీ ఉంది. రేటింగ్ కంపెనీ ఉద్యోగులు ఇద్దరు తమలో తాము మాట్లాడుకున్నది. లోన్ల మూటని ఆవులు తయారుచేసి తెచ్చినా సరే మనం రేటింగ్ ఇచ్చేస్తాం అని దాని సారం. అది రాసింది 2007 ఏప్రిల్‌లో. అంటే క్లెమెన్స్ గడ్డ గురించి వాదించుకుంటున్న రోజుకి, ఆ మాట ఒక కంప్యూటర్‌లో పది నెలలుగా నిద్రపోతోంది. ఫిబ్రవరిలో సమన్లు అటు వెళ్లుంటే సంక్షోభం ఆగేదని నేననను. లోన్లిచ్చేసి రెండేళ్లు గడిచాయి, అప్పటికే చాలా ఆలస్యం. ఎనిమిది నెలలు ముందుగా తెలిసుంటే మాత్రం, మా బావమరిదిలాంటివాడు చేతిలో ఉన్న డబ్బంతా కిస్తీలకి పోసేవాడు కాదేమో. అంతే నేననేది.

వాడు 2009 వేసవిలో బ్యాంకుకి తాళాలు ఇచ్చేసి అపార్ట్‌మెంటుకి మారాడు. ఆవుల మెసేజీ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మన ఊళ్లో గేదె మీద అప్పివ్వాలన్నా పూటకెన్ని పాలిస్తుందో చూసిగానీ ఇవ్వరు బావా."

అయిదు నిమిషాలు

ప్రతినిధుల సభ కమిటీల్లో సభ్యుడికి ప్రశ్నలకిచ్చేది అయిదేసి నిమిషాలు. నలభై మంది దాకా సభ్యులున్న కమిటీలో ఒకరు అడిగిన ప్రశ్న తోకని ఇంకొకరు పట్టుకోరు. ఎవరి అయిదు నిమిషాలు వాళ్లవి, ఎవరి నియోజకవర్గం టీవీ వాళ్లది. రేటింగ్ ఎలా ఇస్తారో అయిదు నిమిషాల్లో రాబట్టడం ఎవరి తరమూ కాదు. ఇంజెక్షన్ తీసుకున్నావా లేదా అని మాత్రం అయిదు నిమిషాల్లో పదిసార్లు అడగొచ్చు. నువ్వు చైనా వాడివా అని కూడా. ఈ లెక్కన కాటన్, వాక్స్‌మన్ ఒకే గోతిలో పడ్డారు. ఒకడు ఇష్టంగా దూకాడు, ఒకడు జారాడు.

మరి కెమెరాలు తీసేస్తే? మన పార్లమెంటు కమిటీలు తలుపులు వేసుకునే కూర్చుంటాయి. అందుకే అక్కడ పార్టీలు మర్చిపోయి మాట్లాడుకుంటారని అందులో పనిచేసినవాళ్లు చెబుతుంటారు. నమ్ముతాను. కానీ లోపల ఎవరు ఏ ప్రశ్న ఎగ్గొట్టారో మనకి తెలిసే దారి లేదు. 2024 సెప్టెంబర్‌లో తెలంగాణలో పబ్లిక్ అకౌంట్స్ కమిటీ చైర్మన్‌గా అరికెపూడి గాంధీని వేసినప్పుడు, ఆయన గెలిచింది బీఆర్ఎస్ గుర్తు మీద, ఉన్నది ఎటువైపు అన్న గొడవ ఛానెళ్ల నిండా నడిచింది. ప్రతిపక్షానికి ఇచ్చే ఆనవాయితీ ఉన్న కుర్చీ కాబట్టి ఆ గొడవ అక్కర్లేనిదని అనను. అన్ని రోజుల చర్చలో ఆ కమిటీ ఈసారి ఏ శాఖ లెక్కలు ముందు తియ్యాలి అన్న మాట నేను చూసిన ఏ చర్చలోనూ వినపడలేదు. మనం కుర్చీ దగ్గరే ఆగిపోతాం. వాళ్లు కుర్చీలో కూర్చున్నాక దారి తప్పుతారు.

కెమెరా ఉండాలనే నా ఓటు. అయిదు నిమిషాల పద్ధతి పోయి, సిబ్బంది లాయరు ఒకడు గంట సేపు కూర్చుని అడిగేలా ఉండాలి. సిబ్బంది లాయర్లు అడగడానికి వీలిచ్చే నియమాలు అక్కడ ఉన్నాయి కూడా, ఎప్పుడో గానీ వాడరు. వాడితే సభ్యుడు టీవీలో కనపడడు కదా.

ఇదంతా మేనల్లుడికి రాయలేదు. దానికి బదులు అదే 2024 హియరింగ్‌లోంచి ఇంకో ముక్క పంపాను. సెనేటర్ టెడ్ క్రూజ్, నాకు ఏ విధంగానూ నచ్చే మనిషి కాదు, ఇన్‌స్టాగ్రామ్ తెర ఒకటి పెద్దది చేసి జుకర్‌బర్గ్‌కి చూపిస్తాడు. ఈ ఫలితాల్లో పిల్లలపై లైంగిక దుర్మార్గానికి సంబంధించినవి ఉండొచ్చు అని హెచ్చరిక. కింద రెండు దారులు: సహాయం పొందండి, లేదా అయినా ఫలితాలు చూడండి. ఆ రెండోదాన్ని ఏ తలతో పెట్టారు అని క్రూజ్ అడుగుతాడు. ఆ రోజు మొత్తంలో నేను చూసినవాటిల్లో అదే అసలైన ప్రశ్న.

అరగంటకి మావాడు ఫోన్ చేశాడు. వాడి కూతురికి పదకొండేళ్లు. ఈసారి జోకులేమీ వెయ్యలేదు.

"ఆ బటన్ సంగతి తర్వాత మళ్లీ ఎవరైనా పిలిచి అడిగారా మామయ్యా?" అన్నాడు.